గౌరి లైఫ్ సర్టిఫికెట్

జమ్మలమడుగు
5 ఆగస్టు 2024

అమ్మా జయలక్ష్మీ,

రిటైర్డ్ హవల్దార్ ఆదినారాయణ సెల్యూట్ చేసి తెలియజేసుకునేది. మీ పిల్లుల ఆశ్రమం నుంచి తెచ్చుకున్న గౌరి క్షేమంగా ఇల్లు చేరింది. బస్సులో బుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు రెండోసారి అరిచాక వినబడింది.

"ఏముందప్పా బుట్టలో?"

"కొత్త సిపాయి."

"సిపాయి అయితే టికెట్ తీసుకో, పిల్లి అయితే ఊరికే రానీ."

గౌరి అప్పుడే తల బయట పెట్టింది. టికెట్ తప్పింది.

ఫిరంగుల దగ్గర పనిచేసి నా చెవులు పోయాయని మీకు తెలుసు. ఫోన్లో వినలేను కాబట్టి ఉత్తరాలు రాయమన్నారు. కానీ నాకు పెద్ద ఉత్తరాలు చేతకావు. సైన్యంలో ఎక్కడున్నామో రాయకూడదు, ఏం జరుగుతోందో రాయకూడదు. కార్గిల్‌లో ఉన్నప్పుడు కూడా మా ఆవిడ శ్యామలకు "ఇక్కడ క్షేమం, చలి కాస్త ఎక్కువ" అనే రాశాను. ఆమె స్వెట్టర్ అల్లి పంపింది. యుద్ధం సంగతి తెలిశాక, తను పోయేదాకా దెప్పుతూనే ఉండింది.

ఆమె పోయాక ఎవరు తలుపు కొట్టినా తెలిసేది కాదు. ఇప్పుడు గౌరి చెవులు నిక్కించి గడప దగ్గరకు పోతుంది. దాన్ని చూసి నేను లేస్తాను. ఈసారి గ్యాస్ సిలిండరు వెనక్కి పోలేదు.

ఇట్లు,
గౌరితో సహా హాజరు,
ఆదినారాయణ

తా.క. శనివారం కోడికూర పెడితే వాసన చూసి, నన్ను ఎగాదిగా చూసి, వెళ్ళిపోయింది. ఏం ట్రైనింగ్ ఇచ్చారమ్మా?

—

ప్రొద్దుటూరు
12 ఆగస్టు 2024

ఆదినారాయణన్నకు,

చెల్లెలు జయలక్ష్మి నమస్కారాలు. గౌరి మీకు తోడుగా ఉందని చదివి మనసు నిండింది. శనివారం స్వామివారి వారం కదా, మా ఇంట్లో ఆ రోజు పిల్లులకు కూడా పెరుగన్నమే. నేను నేర్పలేదు, దానికే అలవాటైంది.

ఒక మాట అన్నా. మిమ్మల్ని అనడం కాదు, అందరికీ చెప్పేదే. ఖాజీపేటలో ఒక పెద్దాయన ఆస్పత్రిలో చేరితే ఆయన పిల్లి తాళం వేసిన ఇంట్లో ఉండిపోయింది. కిటికీ పగలగొట్టి తీశాము. అప్పటినుంచి, పెంచుకునేవాళ్ళకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే పిల్లిని వెనక్కి తెచ్చేసుకుంటున్నాను. మీరు ఏమీ దాచరని నా నమ్మకం.

మీ ఆరోగ్యం కోరుతూ,
జయలక్ష్మి

తా.క. గౌరి ఎత్తులకు ఎక్కి, దిగడం రానట్టు జాలిగా చూస్తుంది. నమ్మవద్దు. దానికి దిగడం వచ్చు.

—

స్థలం: రాయడానికి వీలు లేదు
10 అక్టోబరు 2024

అమ్మా జయలక్ష్మీ,

ఇక్కడ గౌరి క్షేమం. తిండి బాగుంది. నిద్ర బాగుంది. మీరు రావలసిన పని లేదు.

ఇట్లు,
ఆదినారాయణ

తా.క. గౌరికి దిగడం వచ్చని మీరన్నది నిజమే.

—

ప్రొద్దుటూరు
20 అక్టోబరు 2024

ఆదినారాయణన్నకు,

నమస్కారం. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివే కొద్దీ భయం ఎక్కువైంది. కవరు మీద పులివెందుల ముద్ర ఉంది. పులివెందులలో మీకేం పని?

మా వీధిలో పూలమ్మే దిల్షాద్‌బీ వాళ్ళ అక్క ఇంటికి జమ్మలమడుగు పోతుంటే, మీ ఇల్లు చూసి రమ్మన్నాను. తాళం వేసి ఉందట. గుమ్మం బయట గౌరి పళ్ళెంలో అన్నం ఎండిపోయి ఉందట. పక్కింటామెను అడిగితే, "ఆయప్ప యాడికి పోయినాడో మాకేం తెలుసు? పొద్దున్నే జీపొచ్చింది. మనిషీ ల్యా, పిల్లీ ల్యా" అందట. మీ ఉత్తరాలు ఎక్కడికో పంపమని పోస్ట్‌మాన్‌కు మాత్రం కబురు అందిందని ఆమే చెప్పింది. అందుకే ఇది పాత చిరునామాకే వేస్తున్నాను.

నిజం చెప్పండన్నా. గౌరి ఉందా? పోయి ఉంటే దీపం పెట్టుకుంటాను, మిమ్మల్ని ఒక్క మాట అనను. దాచితే మాత్రం స్వామి ముందు మీ పేరు చెప్పి ఏడుస్తాను. బతికి ఉంటే రుజువు పంపండి. లేదంటే బుట్ట పట్టుకుని పులివెందుల వీధులన్నీ తిరుగుతాను.

బాధతో,
జయలక్ష్మి

తా.క. ఆ చేతిరాత మీది కాదు. గౌరిది కూడా కాదనే అనుకుంటున్నాను.

—

స్థలం: పైన చెప్పినట్టే
4 నవంబరు 2024

అమ్మా జయలక్ష్మీ,

రుజువు అడిగారు. నవంబరులో పింఛనుదారులమంతా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. గౌరికీ అదే పద్ధతి పాటించాను.

"గౌరి అను ఈ పిల్లి, తెలుపు మీద నల్ల మచ్చలు, ఎడమ చెవి కొస కత్తిరించినది, ఈ రోజు మా ఎదుట హాజరైంది. బతికి ఉన్నట్టు ధ్రువీకరించడమైనది. వేలిముద్రకు బదులు కాలిముద్ర వేయించడమైనది. సాక్షి: రహీం, సిపాయి డ్రైవర్, రిటైర్డ్."

ముద్ర కింద ఉంది. దుప్పటి మీద, గోడ మీద, రహీం చొక్కా మీద కూడా ఉంది. కాబట్టి మీరు రానవసరం లేదు.

ఇట్లు,
ఆదినారాయణ

తా.క. అమ్మా, నేను రహీంను. చెప్తాంటే రాసేది నేనే. పిల్లి శానా బాగుంది. మనిషి సంగతి రాయొద్దని హవల్దార్ సాబ్ ఆర్డర్, కాబట్టి రాయను. కవరు మీద అడ్రసు రాయొద్దని ఆర్డర్ లేదు, రాసినా. ఇంగొక మాట. మా ఇంట్లో టీవీ తప్ప మాట్లాడేటోళ్ళు ల్యాకుండిరి. ఇప్పుడు నేను పొద్దున లేస్తానే గౌరితో మాట్లాడతాండా. రేపు సాబ్ దాన్ని ఎత్తుకోని జమ్మలమడుగు పోతే నేను మళ్ళీ టీవీకే సలామ్ చెప్పాల.

—

పులివెందుల (ఇప్పుడు రాయవచ్చు)
18 నవంబరు 2024

అమ్మా జయలక్ష్మీ,

ఇది నా చేతిరాతే, ఇప్పుడు లేచి కూర్చుని రాయగలుగుతున్నాను. మీరు బుట్టతో గడపలోకి వచ్చినప్పుడు, కార్గిల్‌లో కూడా నేను అంత భయపడలేదు. దాక్కుందామంటే ఒక కాలు కట్టులో ఉంది.

మీరు నా కాలు చూశారు. దాని మీద పడుకున్న గౌరిని చూశారు. "టీ బాగుందన్నా" అని రహీంతో అని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

జరిగింది ఇది. గౌరి మిద్దె మీది నీళ్ళ ట్యాంకు ఎక్కి జాలిగా చూసింది. మీ తా.క. గుర్తుంది. అయినా ఆ ముఖం చూశాక నిచ్చెన వేశాను. నేను కిందపడ్డాక అది నింపాదిగా నిచ్చెన దిగి వచ్చి నా గుండె మీద కూర్చుంది. ఫోన్లో వినలేను గానీ చెప్పగలను. రహీంకు ఫోన్ చేసి "పడ్డాను, రా" అని పెట్టేశాను. యుద్ధంలో మా ఫిరంగిని లారీకి కట్టి కొండ ఎక్కించింది అతనే. ఈసారి జీపులో ముందు నన్ను ఆస్పత్రికి, తర్వాత ఇద్దరినీ తన ఇంటికి తెచ్చాడు.

ఒంట్లో బాగాలేదని తెలిస్తే గౌరిని తీసుకుపోతారని దాచాను. శ్యామల దగ్గర దాచినట్టే. తప్పే.

గేటు దగ్గర మీరు రహీంతో అన్న మాట అతను నా చెవిలో అరిచి చెప్పాడు. "వెనక్కి తెచ్చుకునేది చూసేవాళ్ళు ల్యాకపోతేనన్నా. ఈడ ఇద్దరుండారు గదా." అప్పుడు వచ్చాయి నాకు కన్నీళ్ళు. కాలు నొప్పి అని చెప్పాను.

బుట్ట మరిచిపోయారనుకున్నాము. గౌరి చెవులు నిక్కించి దాని చుట్టూ తిరుగుతుంటే నేను రహీంను పిలిచాను. మూత తీస్తే నల్లటి పిల్లి రహీం మీసాన్ని పంజాతో కొట్టింది. అప్పటినుంచి ఆ మీసం కింద నవ్వు దిగలేదు. నల్లపిల్లి ఎదురొస్తే మంచిది కాదని పక్కింటివాళ్ళు అంటే, "నేనే దానికి ఎదురుపోతాండా లేప్పా" అన్నాడు.

కట్టు విప్పాక కూడా పోవద్దంటున్నాడు. మేడ మీద గది ఖాళీగా ఉందట. నిచ్చెన కాదు, మెట్లే ఉన్నాయి.

ఇట్లు,
ఇద్దరు సిపాయిలు, రెండు పిల్లులు హాజరు,
ఆదినారాయణ

తా.క. శనివారం ఇప్పుడు రహీం కూడా పెరుగన్నమే తింటున్నాడు. కూర ముందు పెట్టుకుంటే రెండూ చెరో పక్కన కూర్చుని అతన్నే చూస్తున్నాయట.

మరొక తా.క. ఈసారి అడగకముందే నా రుజువు పంపుతున్నాను. "ఆదినారాయణ అను ఈ మనిషి బతికే ఉన్నాడు. కాలు తప్ప అంతా క్షేమం. కాలు సంగతి కూడా దాచలేదు. సాక్షి: గౌరి." కాలిముద్ర కింద ఉంది.