వీసా ఆఫీసరుగా ఈ సాయంత్రం

మంగళవారం, భోజనాలయ్యాక

మనవరాలు భూమిక అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ చదువుతుందట. ఎల్లుండి చెన్నైలో వీసా ఇంటర్వ్యూ. ఈ సాయంత్రం నేను ఆఫీసరునై కుర్చీలో కూర్చుని దాన్ని ఎదురుగా నిలబెట్టాను. టీచరుగా ఇంతకాలం పిల్లల్ని వణికించిన అనుభవం వృథా పోకూడదు కదా. ఇంగ్లీషు తర్వాత, ముందు జవాబంటూ ఉండాలని తెలుగులోనే మొదలుపెట్టాను.

"చదువైనాక తిరిగొస్తావని ఏంది నమ్మకం?"

"మా అవ్వ ఈడుండాది. ఆమె కోసం వస్తా."

"మీ అవ్వ ముసల్ది. నీ చదువయ్యేసరికి పోయుంటుంది. ఇంకో కారణం చెప్పు."

పిల్ల భోరుమంది. ఏడుపు విని కోడలు వంటింట్లోంచి వచ్చింది.

"ఏందత్తా, పోయే పిల్లను అట్ల ఏడిపిస్తాండారు?"

"నేనేడిపిస్తే విమానమెక్కుతాది. ఆ ఆఫీసరు ఏడిపిస్తే బస్సెక్కి ఈడికే వస్తాది. నువ్వు పోయి పప్పు చూడు."

మళ్లీ అడిగాను. మళ్లీ అవ్వ కోసమే అంది. అవ్వను మళ్లీ చంపాను. ఏడుపు ఆగేదాకా చంపుతూనే ఉన్నాను. చివరికి భూమిక కళ్లు తుడుచుకుని, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"మా నాన్న తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజినీరు. నాకూ ఆడనే పనిచెయ్యాలని ఉండాది. అందుకే వస్తా."

తప్పు పట్టాలని వెతికాను, ఒక్కటీ దొరకలేదు. పాసయ్యావన్నాను.

మరి అవ్వ కోసం రావా అని నోటిదాకా వచ్చింది. ఆఫీసర్లు అలాంటివి అడగరు.