సాగనంపు పాటకు రీటేక్

హైదరాబాదు, 8-1-1991

పెద్దమ్మ సక్రి కాళ్లకు మొక్కి కిషన్‌లాల్ రాసేది.

మన రూప్లి పెళ్లిలో తీసిన సాగనంపు పాటకు సౌండు పడలేదు. మైకు తీగలో ఏదో లోపం. కథా ఫైటింగూ లేకుండా ఉత్త పాటనే సినిమాగా తీస్తానని తొమ్మిదేళ్లుగా ఇక్కడ నన్ను చూసి నవ్వుతున్నారు. ఇప్పుడు ఢిల్లీవాళ్లే పిలిచి నా తండా పాటల సినిమా అడిగారు. ఆ పాట లేకపోతే సినిమా లేదు. రూప్లి చేత ఇంకొక్కసారి పాడించు.

నీ కొడుకు కిషన్‌లాల్

తా.క. ఏడుపు కూడా అప్పటిలాగే ఉండాలి.

తండా, 16-1-1991

కిషన్‌లాల్‌ను దీవించి పెద్దమ్మ సక్రి రాయించేది.

పిల్ల మెట్టినింటికి పోతుంటేనే ఆ పాట. ఊరికే పాడితే ఇంటికి అరిష్టం. మళ్లీ పాడాలంటే రూప్లికి మళ్లీ పెళ్లి కావాలి. ఈ మాట ఎట్లా పోయిందో గాని అల్లుడి చెవిన పడింది. పెళ్లాన్ని ఇంకెవరికో ఇస్తున్నామనుకుని వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. "నా తప్పేంది అత్తా?" అంటున్నాడు. ఏం చెప్పమంటావు?

సక్రి

తా.క. రాసింది పోస్టుమాన్ జంపయ్య. తిట్లు వదిలేశాను. మూడో కోడి కూడా అయిపోయింది, అల్లుడి తప్పేమిటో ఇంకా తేలలేదు.

హైదరాబాదు, 23-1-1991

పెద్దమ్మకు దండాలు.

బావను బతిమాలి ఇంటికి పంపించు. రూప్లి వద్దు. ఈ నెలా రెండు నెలల్లో నిజంగానే పెళ్లయ్యే పిల్ల ఎవరైనా ఉంటే పెద్దలనడిగి తేదీ రాయించు. ఈసారి రెండు మైకులు తెస్తాను. సౌండు లేని ఆ పెళ్లి క్యాసెట్ రూప్లికి గుర్తుగా పంపుతున్నాను. మధిరలో రూప్‌సింగ్ వీడియో కొట్టుకు వెళ్లి చూడండి.

కిషన్‌లాల్

తా.క. మొదటి పావుగంట చూస్తే చాలు.

తండా, 2-2-1991

కిషన్‌లాల్‌కు దీవెనలు.

రెండు గంటలూ చూశాం. పిల్ల దొరికింది. పక్క తండా లాలు కూతురు హేమ్లి. రూప్లి స్నేహితురాలు, పెళ్లిలో నీళ్లు మోసింది. ఈ నెల ఇరవై నాలుగు ఖాయం చేశాం. నువ్వు రాకపోతే ఈ పెళ్లే జరగదు.

సక్రి

తా.క. పిల్లవాడిది పట్నంలో పని. మంచివాడే, కాస్త పరధ్యానం. - జంపయ్య

హైదరాబాదు, 9-2-1991

పెద్దమ్మా,

ఇక ఆ పాట అక్కర్లేదు. సినిమా కుదరదని ఢిల్లీకి రాసేశాను. నా కోసం హేమ్లిని తొందరపెట్టి ఎవడికో ఇవ్వొద్దు. పట్నంలో పనిచేసేవాళ్లంతా మంచివాళ్లు కారు. పరధ్యానం మనుషులను అసలే నమ్మొద్దు.

కిషన్‌లాల్

తా.క. పిల్లవాడి పేరు రాయలేదు. ఊరికే అడుగుతున్నాను.

తండా, 15-2-1991

నా బంగారు కొడుక్కి పెద్దమ్మ దీవెనలు.

తొమ్మిదేళ్ల కష్టం ఒక్క ఉత్తరం ముక్కతో వదిలేశావా? ఆ క్యాసెట్‌లో పెళ్లికూతురు నాలుగుసార్లు కనబడింది. పెళ్లికొడుకు ఒక్కసారి, అదీ వీపు. మిగతాదంతా హేమ్లే. నీళ్లు మోస్తూ హేమ్లి, కొంగు సర్దుకుంటూ హేమ్లి. లాలు కూడా చూశాడు. గోత్రాలు అడ్డం రావన్నాడు. పిల్లను అడిగితే చాలాసేపు నవ్వింది. "ఆయన నోరు తెరిచేదాక ఆగితే ముసల్దాన్నయిత. జల్దీ కానీండ్రి" అన్నది.

పెళ్లికొడుకువు నువ్వే. ఆ పాట హేమ్లి నీ పక్కనే నిలబడి పాడుతుంది. సినిమా వస్తుందని ఢిల్లీకి మళ్లీ రాయి. మీ అమ్మ పోయిన తర్వాత నేను ఇంత సంతోషపడింది ఇప్పుడే.

సక్రి

తా.క. ఆ రోజు కెమెరా నేను పడతాను, సౌండు మీట ఏదో రాయి. తీగలో ఏ లోపమూ లేదట. నువ్వు మీట నొక్కనే లేదని హేమ్లి చెప్పింది. తనూ అప్పుడు నిన్నే చూస్తూ ఉందట. - జంపయ్య