వాగు వైపు తలుపు

ఎల్లారెడ్డి పట్టణం

మున్సిపల్ కమిషనర్ సారుకు నమస్కారాలు.

వాగొడ్డు బజారు బాగుపడాలంటే ఏం చేయాలని నిన్న మీటింగులో అందరినీ అడిగారు. మైకు నా దాకా వస్తే సిగ్గుపడి పక్కాయనకు ఇచ్చాను. అందుకే ఈ ఉత్తరం. నాది సైకిల్ రిపేరు దుకాణం.

బట్టల షాపు పర్శరాములు వాగులో బోటు తిప్పాలన్నాడు. "ఎండకాలం వాగు ఎండితే బోటును నువ్వే నూకుతవా అన్నా?" అని టైలర్ సాయిలత అడిగితే అందరం నవ్వినం.

మా దుకాణాలన్నీ వాగుకు వీపు పెట్టి కట్టుకున్నవి. కనబడదు కదా అని చెత్తంతా అటే వేస్తాం. మొన్న మురికినీళ్ల మోరీ కోసం ముందు రోడ్డు తవ్వారు. గిరాకీ పోతదని భయపడి వెనక తలుపు తీశాను. జనం అటు నుంచే వచ్చారు. పంక్చర్ వేసేదాకా వాగును చూస్తూ కూర్చున్నారు. చెత్త పోయడానికి వచ్చిన పర్శరాములు వాళ్లను చూసి, బుట్టతో అట్లనే వెనక్కి పోయాడు.

మీటింగులో మీరు చూపించిన నక్షలో మా దుకాణాల వెనక, వాగు పొడుగునా గోడ ఉంది. అది కడితే నా తలుపు మూసుకుపోతది. అందరూ తలుపులు తీస్తే బజారు ఎట్ల ఉంటదో చూడాలని నాకు చాలా ఉంది.

గోడ కట్టకముందే ఒకసారి రండి సార్. మైకు మాత్రం తేకండి. తలుపు తీసి చూపిస్తాను.

ఇట్లు,
సైకిల్ దుకాణం ముసలాయన