ఆళ్లగడ్డ లానమ్మ విదేశీయురాలేనని తేల్చుట గురించి

శ్రీయుత జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, నంద్యాల.

ఆళ్లగడ్డ కాపురస్తుడు, మిక్సీలు గ్రైండర్లు బాగుచేయు వృత్తి, పిలిచిన చోటల్లా వాక్యం చెప్పువాడు, దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు ఆఖరి సంవత్సరం విద్యార్థి అయిన బి. ఫ్రాన్సిస్ రాసుకున్న అర్జీ.

అయ్యా,

ఒక మనిషికి ఇంగ్లీషు వచ్చునో రాదో నాలుగే నాలుగు ప్రశ్నలతో తమరు తేల్చగలరా? తేల్చలేరు. తమంతటివారు తేల్చలేనిదాన్ని మా అధ్యయన కేంద్రం పరిశీలకులు శ్రీ జీవన్ కుమార్ గారు తేల్చి, సంతకం పెట్టి, సాయంత్రం బస్సుకు నంద్యాల వెళ్లిపోయారు.

విషయం: నా విద్యార్థిని విదేశీయురాలు కాదనియు, నేను బోధించినది ఇంగ్లీషు కాదనియు రాసిన రిపోర్టును పక్కనబెట్టి, ఈ దినమే ఆమెను మరల పరీక్షింపజేయు నిమిత్తం.

యూనివర్సిటీ తమ పరిధిలోకి రాదని కింద కౌంటరులో గుమాస్తా అన్నాడు. ఎస్తేరు రాణి పిలుపు లేకుండానే రాజు ఎదుటికి వెళ్లిందని అతనికి చెప్పాను. “టోకెన్ తీసుకొని పోయిందా?” అని అడిగాడు. తీసుకున్నాను.

1. నేను బడిలో చదివినది తక్కువ, డిగ్రీ కూడా దూరవిద్యే. ఇంగ్లీషు నేర్చినది సువార్త కూటాల్లో. విదేశాల నుంచి బోధకులు వచ్చినప్పుడు వారి పక్కన నిలబడి తర్జుమా చేసేవాణ్ణి. వారు ఒక వాక్యం ఇంగ్లీషులో అంటారు, నేను అదే వాక్యం తెలుగులో అంటాను. వారు చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి. వారు బల్ల గుద్దితే నేనూ గుద్దాలి. మోషే తనకు నోరు తిరగదని మొరపెట్టుకుంటే దేవుడు అహరోనును పక్కన నిలబెట్టాడు. లోకంలో మొదటి తర్జుమా కూటం అదేనని నా నమ్మకం. బాబెలు గోపురం దగ్గర భాషలు తారుమారై చెడిపోయినదాన్ని కొంచెమైనా బాగుచేద్దామని ఎం.ఏ.లో చేరాను. చెడిపోయినవి బాగుచేయడమే కదా నా వృత్తి.

2. ఈ చదువులో ‘విదేశీయులకు ఇంగ్లీషు బోధించుట’ అని ఒక ప్రాక్టికల్ ఉన్నది. ఇంగ్లీషు రాని విదేశీయుణ్ణి వెతికి పట్టుకొని, పాఠాలు చెప్పి, పరిశీలకుని ఎదుట మాట్లాడించాలి. ఆళ్లగడ్డలో విదేశీయుణ్ణి ఎక్కడ తేవాలో సిలబస్సులో రాయలేదు. అహోబిలం దారిలో కాపుకాశాను. బెలూం గుహల దగ్గర ఒక జర్మన్ జంటను పట్టుకుంటే, వారు నా ఇంగ్లీషును సవరించి, నీళ్ల బాటిల్ ఇచ్చి పంపారు.

3. అటువంటి దినములలో మా ఊరి శిల్పి నరసింహులు ఆచారి గారి షెడ్డుకు వియత్నాం దేశం నుంచి లాన్ అనే యువతి వచ్చింది. వారిది రాళ్లు చెక్కే కుటుంబం. మన నల్లరాతి పని నేర్చుకొనుటకు వచ్చింది. ఇంగ్లీషు బొత్తిగా రాదు. అబ్రాహాముకు పొదలో పొట్టేలు కనబడినట్టు నాకు ఆ పిల్ల కనబడింది. ఆచారి గారు ఒప్పుకున్నారు. “నేర్పప్పా, నేనొద్దంటానా? ఉలి మాత్రం కింద పెట్టించొద్దు,” అన్నారు.

4. నేను ఏ విధంగా నేర్చుకున్నానో ఆ విధంగానే నేర్పాను. నేను బోధకుణ్ణి, ఆమె తర్జుమా. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం అంటాను, ఆమె గట్టిగా తెలుగులో అంటుంది. తెలుగు రావాలి కాబట్టి ముందు అది నేర్పాను. మిగిలింది షెడ్డులోని వారు నేర్పారు. కొన్ని నేర్పకూడనివి కూడా నేర్పారు. నెలలు గడిచేసరికి నేను ఎంత చిక్కు ఇంగ్లీషు మాట్లాడినా ఆమె తడబడకుండా తెలుగులో చెప్పేది. చెయ్యెత్తేది. బల్ల గుద్దేది. షెడ్డు ఊడ్చే ఓబులమ్మ చీపురు ఆపి “ఆమేన్” అనేది. ఊళ్లో అందరూ ఆమెను లానమ్మ అని పిలుస్తున్నారు. నా బోధన ఫలించిందని ఉపవాసముండి స్తుతించాను. ఇన్ని నెలలూ ఇంగ్లీషంతా నేనే మాట్లాడితినన్న సంగతి, అయ్యా, నా బుద్ధికి తోచలేదు.

5. మొన్నటి దినమున జీవన్ కుమార్ గారు పరిశీలనకు వచ్చారు. ఆచారి గారు మిషన్లు ఆపించి, విగ్రహాల మధ్య దుమ్ము తుడిచి కుర్చీ వేశారు. ఆ పిమ్మట జరిగినదానికి షెడ్డంతా సాక్షి.

సారు ఇంగ్లీషులో ఆమె పేరు అడిగారు. లానమ్మ లేచి, కుడి చెయ్యి ఎత్తి, “నీ పేరేంది?” అన్నది.

సారు కొంచెం జంకి, “జీవన్ కుమార్,” అన్నారు.

మరల సర్దుకొని, ఏ దేశం నుంచి వచ్చావని ఇంగ్లీషులో అడిగారు.

“ఏ దేశంనించి వచ్చినావప్పా?”

“నంద్యాల,” అన్నారు సారు. రాతికి పాలిష్ పట్టే సైదా సాహెబ్ నవ్వు ఆపుకోలేక నీళ్ల డ్రమ్ము వెనక్కి పోయాడు.

సారుకు కోపం వచ్చింది. అడిగేది నేను, చెప్పవలసింది నువ్వు అని ఇంగ్లీషులో గద్దించారు. లానమ్మ కూడా అంతే కోపంగా వేలు చూపి, “అడిగేది నేను! చెప్పాల్సింది నువ్వు!” అన్నది. “ఆమేన్!” అన్నది ఓబులమ్మ.

సారు లేచి, నేనెవరో నీకు తెలుసా అన్నారు. “నేనెవురో తెల్సునా నీకు?” అన్నది లానమ్మ, బల్ల గుద్ది. అక్కడితో పరీక్ష ముగిసింది.

నేను మధ్యలో పడి బతిమాలుకున్నాను. “అయ్యా, చూశారా, మీరన్న ప్రతి మాటా ఆమెకు తెలిసింది. ఒక్క తప్పు పోలేదు.”

“ఏందయ్యా తెలిసేది? ఈ పాప మీ ఊరి పాపే. నన్ను యామార్చేకి చూస్తాండావా?”

“వియత్నాం సార్. పాస్‌పోర్టు ఉంది.”

“వియత్నాం వాళ్లు ‘ఎవురో తెల్సునా’ అంటారా?”

బిలాము గాడిద నోరు తెరచి మాట్లాడినప్పుడు బిలాము దానికి జవాబు చెప్పాడు గాని, నీది ఏ ఊరని అడగలేదు. ఈ మాట నేను పైకే అన్నాను. సారు దాన్ని తన మీదికి తీసుకున్నారు. నేను గాడిద అన్నది ఎవరిని ఉద్దేశించి కాదో తమరికి వేరుగా చెప్పనక్కరలేదు.

6. సారు రాసిన రిపోర్టు ఏమనగా: “అభ్యాసకురాలు స్థానికురాలు. బోధించబడిన భాష తెలుగు. బోధనా పద్ధతి: కేకలు. మార్కులు: లేవు.” ఈ చదువుకు నాకు ఇచ్చిన గడువు ఈ ఏటితో తీరిపోవుచున్నది. మార్కులు ఈ సాయంత్రం పంపించేస్తారు. ఆ తరువాత నేను మొదటి నుంచి చదవాలి, లేదా చదవకూడదు. అంతేగాక, లానమ్మ ఊరి శిల్పుల సంఘం వారు ఫోనులో, లానమ్మే తర్జుమా చేయగా, తమకు కూడా ఇంగ్లీషు నేర్పమని నన్ను అడిగి ఉన్నారు. పట్టా లేనివాణ్ణి గురువుగా పెట్టుకోరాదని వారి నియమం. నా జీవితంలో విదేశీయులు నా మాట కోసం ఎదురుచూడడం ఇదే మొదలు. ఇంతవరకు వారి మాట కోసం నేను ఎదురుచూశాను.

7. నా పొరపాటు తెలిసిన వెంటనే, మరుసటి ఉదయం షెడ్డుకు వెళ్లి, “తల్లీ, ఈ పొద్దు నువ్వు బోధకురాలివి, నేను తర్జుమా,” అన్నాను. చెక్కని ఒక రాతి దిమ్మె మీద ఆమెను నిలబెట్టాను. ఉలి కింద పెట్టకుండానే ఒంటి మీది రాతి దుమ్ము దులుపుకున్నది. తరువాత మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే. వాళ్ల ఊళ్లో కొనేవాళ్లు వస్తే దళారీయే మాట్లాడతాడట. చెక్కిన తండ్రి ఆ విగ్రహాల పక్కన ఇంకో విగ్రహంలా నిలబడి ఉంటాడట. ఏ చెయ్యి చెక్కిందో ఆ నోరే చెప్పాలని తాను ఈ భాష నేర్చుకున్నదట. నేను ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. అప్పుడామె నన్ను చూపించి, ఈ మనిషి అరుస్తాడు గాని నేను తప్పు మాట్లాడితే నవ్వడు, మళ్లీ చెప్పేదాకా నిలబడి ఉంటాడు, అన్నది.

ఇన్నేళ్లలో నేను తర్జుమా చేయలేకపోయిన వాక్యం అదొక్కటే.

“ఏమప్పా, నిలిపేసినావే?” అన్నారు ఆచారి గారు. “నువ్వు చెప్పే పన్లేదులే అయ్యగారూ, నాకర్థమైంది,” అన్నది ఓబులమ్మ. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఎవరి భాషలో వారికి వాక్యం అర్థమైన పెంతెకొస్తు దినమున కూడా ఇలాగే జరిగి ఉంటుంది. ఆ దినమున ఏ పరిశీలకుడూ రిపోర్టు రాయలేదు గనుక మనకు క్రైస్తవ సంఘం మిగిలింది.

8. కావున కోరునది ఏమనగా: లానమ్మ ఈ రాత్రి హైదరాబాదు బస్సు ఎక్కి, అక్కడి నుంచి తన దేశం పోవుచున్నది. వీసా గడువు ముగియవచ్చింది. ఇప్పుడు ఆమె తమ కార్యాలయం వరండాలో ఉన్నది. జీవన్ కుమార్ గారికి తమరు ఫోను చేయించి పిలిపించండి. మా అధ్యయన కేంద్రం ఈ నంద్యాలలోనే గదా. ఆయన రానంటే, ఇంగ్లీషు వచ్చిన ఏ అధికారి అయినా సరే, తమరే అయితే మరీ మేలు, ఆమెతో మాట్లాడి రెండు ముక్కలు రాసివ్వండి. ఒక్క షరతు. నేను కనబడితే ఆమెకు తర్జుమా చేయ బుద్ధి పుడుతుంది. అందువల్ల ఆ సమయమున నేను గేటు బయట ఉంటాను.

న్యాయాధిపతిని విసిగించి విసిగించి న్యాయం తెచ్చుకున్న విధవరాలి సంగతి లేఖనంలో ఉన్నది. ఆ న్యాయాధిపతి దేవునికి భయపడనివాడు, మనుష్యులను లక్ష్యపెట్టనివాడు. తమరు అటువంటివారని నా భావం కాదు. అయితే విసిగించు విషయంలో నేను ఆమెకు తీసిపోను. నా మొర చిత్తగించి, కాగితం మీద కాక మనిషి మీద తీర్పు చెప్పవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడును, టోకెన్ గలవాడును,
బి. ఫ్రాన్సిస్

తా.క.: సార్, సంతకం చేసి తలెత్తితే లానమ్మ కుర్చీలో లేదు. గోస్పాడునించి వచ్చిన ఉమామహేశ్వరమ్మ అనే రైతమ్మ పక్కన చేరి ఆమె పొలం గట్టు తగాదా వింటాంది. “అట్ల మెత్తగా చెప్తే ఎవురింటారక్కా? గట్టిగా అడుగు, బల్ల గుద్ది అడుగు,” అని చెయ్యెత్తి చూపిస్తాంది. జనం చుట్టూ చేరినారు. తమ బంట్రోతు తౌఫీక్ గూడా తన బదిలీ కష్టం ఆమెకే చెప్పుకుంటాండాడు. ఇంకొంచెం సేపు పోతే, ఈమె వియత్నాం మనిషంటే నేనే నమ్మను. పైన మీ మీటింగు ఆపండి సార్. నేను గేటు అవతలికి పోతాండా. బేగా కిందికి దిగి, ఆమె నోట ఇంకొక తెలుగు మాట రాకముందే, ఇంగ్లీషులో పలకరించండి. ఈ పొద్దే సార్, ఇప్పుడే, దిగండి!