చప్పిడి గంజి

మంగళవారం, రాత్రి

చిన్నీ, ఈరోజు పక్కింటి ఓబులమ్మత్తను కొట్టాను. ఆమె మనవరాలికీ నీలాగే ఒళ్లంతా నల్లటి పొక్కులు లేచి జ్వరం కాస్తోంది. వేపమండలు కట్టి చప్పిడి గంజి పోస్తోంది.

“అమ్మవారు పోసింది. ఆస్పత్రి అంటే ఆయమ్మకు కోపమొస్తాది,” అంది. నీకు పొక్కులు లేచినప్పుడు నాకు చెప్పిన మాటే, నేను నమ్మిన మాటే.

గంజికుండ పగలగొట్టి, ఆమె జుట్టు పట్టి ఈడ్చాను.

“అమ్మవారు కాదత్తా. ఒంట్లో కాపలా ఉండే కణాలే సన్న రక్తనాళాల మీద పడి వాపు పుట్టిస్తాండాయి. నా బిడ్డ సచ్చినాక డాక్టరు చెప్పినాడు,” అని అరిచాను.

పాపను ఆటోలో ప్రొద్దుటూరు ఆస్పత్రికి తీసుకుపోయాను. అదే జబ్బని చెప్పి మందు మొదలుపెట్టారు.

పథ్యంలో కోడిగుడ్డు అడిగావని నీ నోటి మీద కొట్టింది ఈ చేతులే కదా, ఆమెనెందుకు కొట్టాను...

ఇప్పుడు పథ్యం లేదు, చిన్నీ. యాడున్నా కడుపునిండా తిను.