చిగుళ్లలో పురుగులు

చందాపుర,
శుక్రవారం.

వనజ వదినకు,

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మీ తమ్ముడి నోరు పూర్తిగా మూతపడదు కదా. పగలు నేను బొమ్మసంద్ర ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఈగలు ఆయన నోట్లో వాలి గుడ్లు పెట్టాయట. సోమవారం పళ్లు తోముతుంటే చిగుళ్లలో పురుగులు కదిలాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు వేసి ఒక్కొక్కటే బయటికి తీసింది.

"ఇంట్లో ఈయప్పను చూసుకునేవాళ్లు ఎవరూ లేరామ్మా?" అని అడిగింది. మాట సరిగా రాని మనిషి, ఆ నెత్తుటి నోటితోనే, "నా పెండ్లాం ఉండాది గదా" అన్నాడు.

అప్పటిదాకా ఏడవలేదు వదినా. అప్పుడు ఏడ్చాను.

పుండు మానుతోంది. నేను పని మానలేను. ఒక్క నెల వచ్చి పగటిపూట ఆయన దగ్గర ఉండండి. నన్ను తిట్టాలనుంటే, వచ్చాకే తిట్టండి.

మీ మరదలు