మూడు తలుపుల ముందు పిన్ని

మా లెక్కల అమ్మాయికి,

పిన్ని దీవించి, కుట్టుమిషన్ దిగి వచ్చి రాస్తున్న ఉత్తరం. మేమిద్దరం బాగున్నాం. నువ్వు కాలేజీలో పిల్లల్ని మరీ ఏడిపించడం లేదనుకుంటాను.

టీవీలో ఆ మూడు తలుపుల క్విజ్ వస్తుంది చూడు, దానికి నన్ను పిలిచారు! ఐదు ప్రశ్నలకి జవాబు చెబితే మూడు తలుపుల ముందు నిలబెడతారు. ఒకదాని వెనక మనం దరఖాస్తులో కోరుకున్న వస్తువు, మిగతా రెండింటి వెనక ఖాళీ కుర్చీలు. మనం ఒక తలుపు చెప్పగానే యాంకరు మిగతా రెండింట్లో ఒకటి తెరిచి, ఖాళీ కుర్చీ చూపించి, "ఉంటారా, మారతారా?" అంటాడు. రోజూ ఇదే తంతు.

నేను కాజా మిషన్ కోరాను. చొక్కాకి గుండీలు దూర్చే కాజాలు ఏడు. రెండు కుట్టేసరికే కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి సూది జారిపోతోంది. నువ్వు కొనిస్తానన్న పాట మళ్ళీ ఎత్తుకోకు. గెలుచుకున్నదాని రుచే వేరు.

"అదంతా అదృష్టం, లెక్కలేం చేస్తాయి?" అంటున్నారు మీ బాబాయి. ఏదైనా కిటుకుంటే రాయి. ఫోన్ చెయ్యకు, మిషన్ చప్పుడులో సగమే వినపడుతుంది.

నీ పిన్ని

తా.క. దరఖాస్తులో 'మీ అభిరుచి' అని అడిగారు. 'నిద్ర' అని రాశాను. అందుకే పిలిచారని నా అనుమానం.

*

పిన్నికి నమస్కారాలు, బాబాయికి కూడా (లెక్కల్ని ఆడిపోసుకున్నా సరే).

స్టాఫ్ రూములో అందరికీ చెప్పేశాను, మా పిన్ని టీవీలో వస్తోందని. పేపర్లు దిద్దే పనిలో పీకల దాకా మునిగి ఉన్నాను కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను.

తలుపు మార్చు. ఆలోచించకు, ఎవరేమన్నా వినకు, మార్చెయ్యి. మార్చకపోతే గెలిచే అవకాశం మూడింట ఒక వంతు. మారిస్తే మూడింట రెండు వంతులు. అంతే.

నీ అమ్మాయి

తా.క. అదృష్టానికి కూడా లెక్క ఉంటుందని బాబాయితో చెప్పు.

*

బంగారుతల్లికి,

పిన్ని సంతోషంగా రాస్తున్నది. మార్చేశాను!

పక్క వీధి వడ్రంగి నాలుగు రోజుల్లో కొత్త తలుపు బిగించాడు. పాతది లోపలికి తెరుచుకునేది, ఇది బయటికి తెరుచుకుంటుంది. మొదటిరోజే పోస్టుమాన్ ముక్కుకి తగిలింది. ఈ ఉత్తరం ఆలస్యంగా అందితే అదే కారణం.

"టీవీ ఆటకీ మన కొట్టు తలుపుకీ ఏమిటే సంబంధం?" అన్నారు మీ బాబాయి. "అంత చదువు చదివిన పిల్ల ఊరికే రాస్తుందా?" అని నోరు మూయించాను.

ఒక్కటే చిక్కు. మూడింటికి రెండు వంతులన్నావు. రికార్డింగేమో పొద్దున్న పదకొండింటికి. మూడింటి దాకా నన్ను ఆపుతారా? ఆపినా, ఒక్క మనిషికి రెండు వంతులిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా?

నీ పిన్ని

తా.క. పాత తలుపుని రెండు స్టూళ్ళ మీద పరిచి బట్ట కత్తిరిస్తున్నాను. టేబుల్ కంటే హాయిగా ఉంది. నీ లెక్క అప్పుడే పనిచెయ్యడం మొదలుపెట్టింది.

*

పిన్నీ!

నమస్కారాలు తర్వాత. కొట్టు తలుపు కాదు! టీవీలో తలుపు! మూడింటికి కాదు, మూడింట! మూడు భాగాల్లో రెండు అని.

తప్పు నాదే. పిల్లలకైతే బోర్డు మీద రాసి చూపిస్తాను, నీకు తంతి కొట్టినట్టు రాశాను. ఇప్పుడు నెమ్మదిగా చెబుతాను.

గుండీల డబ్బాలు మూడు ఖాళీ చెయ్యి. బాబాయి ఒకదాంట్లో గుండీ దాచాలి. నువ్వొకటి ముట్టుకో. అది సరైన డబ్బా అయ్యేది మూడుసార్లలో ఒక్కసారి. అంటే మూడుసార్లలో రెండుసార్లు గుండీ మిగతా రెండు డబ్బాల్లోనే ఉంటుంది, అవునా? ఆ రెండింట్లో ఖాళీదాన్ని బాబాయి తీసేస్తే మిగిలేది ఒకటే. ఇక గుండీ ఎక్కడికి పోతుంది? అందుకే అటు మారాలి.

ముప్ఫైసార్లు ఆడి ఎన్ని గెలిచావో రాయి.

తల పట్టుకున్న నీ అమ్మాయి

తా.క. పోస్టుమాన్‌కి నా తరఫున క్షమాపణ చెప్పు.

*

లెక్కల తల్లికి,

పిన్ని కోపంగా దీవిస్తున్నది.

ఆడాం. మీ బాబాయి గుండీ దాస్తారు, ఎక్కడ దాచారో మరిచిపోతారు. ఖాళీ డబ్బా తియ్యమంటే గుండీ ఉన్నదే తీసి, "అరే, ఇక్కడుందే!" అంటారు. మ్యాపులు గీసే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి! ఊళ్ళన్నీ సరైన చోట పెట్టారో లేదో ఇప్పుడు భయమేస్తోంది.

దాచిన డబ్బా అడుగున సుద్దతో గుర్తు పెట్టుకోమన్నాను. ఈసారి ముప్ఫైకి ముప్ఫై గెలిచాను! నీ లెక్క వల్ల కాదు. గుండీ ఉన్న డబ్బా వైపు నా చెయ్యి వెళితే మీ బాబాయి చెవులు కదులుతాయి. పెళ్ళైన నాటి నుంచీ అంతే, అబద్ధం దాచలేరు పాపం.

చివరికి వీపు తిప్పి కూర్చుని ఆడాను. ప్రతిసారీ మారాను. ముప్ఫైకి ఇరవై ఒకటి! అప్పుడు నమ్మకం కుదిరింది. మీ బాబాయి మాత్రం, "గుండీ వేరు, టీవీ వేరు" అని లేచి వెళ్ళిపోయారు.

నీ పిన్ని

తా.క. ముప్ఫై ఏళ్ళలో మీ బాబాయి నా కొట్లో ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి. ఈ సంగతి ఎవరికీ చెప్పకు, సిగ్గుపడి మానేస్తారు.

*

పిన్నికి ప్రేమతో,

సరిగ్గా పట్టుకున్నావు. ఖాళీది ఏదో తెలిసినవాడే తలుపు తెరవాలి. గుడ్డిగా తెరిస్తే ఈ లెక్క పనిచెయ్యదు. టీవీ యాంకరుకి తెలుసు, అందుకే ఎప్పుడూ ఖాళీ కుర్చీయే చూపిస్తాడు.

కానీ ఒక మాట. మారినా మూడుసార్లలో ఒకసారి ఓడిపోతాం. ఆ ఒక్కసారీ నీదే అయితే? రాత్రుళ్ళు ఇదే ఆలోచన. నీవి నా స్కూలు గౌన్లన్నీ కుట్టిన వేళ్ళు. ఓడిపోతే నా మీద కోపం తెచ్చుకోనని రాసి పంపు.

నీ అమ్మాయి

తా.క. సంతకం కూడా పెట్టు.

*

చిరంజీవి అమ్మాయికి,

పిన్ని తీరిగ్గా కూర్చుని రాస్తున్నది. టీవీలో వచ్చేలోగా నా మాటల్లోనే నువ్వు వినాలి.

ఆ రోజు ఆరుగురం. ఆరుగురివీ ఒకదాని తర్వాత ఒకటి రికార్డింగులు. వెయిటింగ్ రూములో ఒక అంబులెన్స్ డ్రైవర్ ప్యాంటు అంచు ఊడి వేలాడుతోంది. సంచిలో సూదీదారం ఉన్నాయి కదా, కుడుతూ కుడుతూ నీ లెక్క చెప్పాను. ఒకాయన వాదనకి దిగాడు. సరేనని మూడు కాగితం కప్పులు బోర్లించి ఆడించాను. కాసేపటికి ఆరుగురం టీపాయ్ చుట్టూ చేరాం. అందరూ మారతామని ఒట్టేసుకున్నారు.

నాది ఐదో వంతు. జవాబులన్నీ చెప్పాను. మొదటి తలుపన్నాను. యాంకరు మూడోది తెరిచాడు, ఖాళీ కుర్చీ.

"అమ్మా, మీ మనసేమంటోంది?" అన్నాడు.

"మనసు మాట ఇంట్లో వింటాను. ఇక్కడ మా అమ్మాయి మాట వింటాను. రెండోది తెరవండి," అన్నాను.

తెరిచారు. ఖాళీ కుర్చీ.

కాజా మిషన్ మొదటి తలుపు వెనకే ఉంది తల్లీ. తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. అరచేత్తో ఒకసారి నిమిరాను. పక్కకి తప్పుకోమన్నారు.

ఏడుపు ముంచుకొస్తుండగా వెయిటింగ్ రూముకి వెళ్ళాను. చివరావిడ కూడా ఆడి వచ్చాక లెక్కపెట్టాం. ఆరుగురిలో నలుగురు గెలిచారు! మూడింట రెండు వంతులు, కత్తిరించినట్టు! సరిగ్గా నలుగురే కావాలని లేదంటావని తెలుసు. ఈ ఒక్కరోజుకి అనకు. డ్రైవరు వాళ్ళమ్మకి వాషింగ్ మెషీన్ వచ్చింది. "మీ అమ్మాయి చల్లగా ఉండాలి" అని నలుగురూ అన్నారు. కోపం ఎక్కడ తెచ్చుకోను? సంతకం కింద పెడుతున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, నాకు తోడొచ్చిన మీ బాబాయి కిటికీలోంచి చూస్తూ, "ఆ కాజాలు నాకివ్వు. గీతలు గీసిన చెయ్యే కదా," అన్నారు. ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని కుడుతున్నారు. ఒక్కో కాజాకి ముందు స్కేలు పెట్టి నాలుగు చుక్కలు పెట్టుకుంటారు. గంటకి రెండు. కానీ ఎంత తీరుగా ఉంటాయనుకున్నావు!

కోపం లేని నీ పిన్ని (సంతకం)

తా.క. ఒకేరోజు నలుగురు గెలిచేసరికి టీవీవాళ్ళు హడలిపోయి ఆట మార్చేశారు. వచ్చే నెల నుంచి రెండే తలుపులట, మధ్యలో తెరిచి చూపించడం లేదట. ఈ సంగతి నాకెలా తెలిసిందంటావా? నిన్న మీ బాబాయి పేరున పిలుపొచ్చింది! నాతోపాటే, నాకు తెలియకుండా తనూ దరఖాస్తు పెట్టారు. కోరుకున్న వస్తువు దగ్గర 'కాజా మిషన్' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. కాబట్టి రెండు తలుపులకి లెక్కేమిటో వెంటనే రాయి. ఆయన అడగమనలేదు. పక్కన నిలబడి దగ్గుతున్నారంతే.